ఫోన్లో 32 డిగ్రీలే, మనుషులు మాత్రం పడిపోతున్నారు: అండమాన్‌లో ఎండ పని ఎలా నడపాలి?

సిక్కోలు మేస్త్రి:
అందరికీ నమస్కారం. దక్షిణ అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) కొంచెం దూరంలో బిల్డింగ్ పని. 14 మంది కూలీలు, అందరూ శ్రీకాకుళం జిల్లా వాళ్ళే, విశాఖ నుంచి ఓడలో వచ్చి ఆరు రోజులైంది. సెంట్రింగు, కంకర మోత, శ్లాబ్ పోత. పొద్దున్న 7 నుంచి 12 దాకా, మళ్ళీ 2 నుంచి 5 దాకా పని. బస సైటు పక్కనే రేకుల షెడ్డులో.

ఫోన్లో చూస్తే 32, మహా అయితే 33. మన దగ్గర 42లో పని చేసిన వాళ్ళే వీళ్ళు. కానీ ఇక్కడ మూడో రోజుకే ముగ్గురికి వాంతులు, ఇద్దరికి పిక్కలు పట్టేశాయి. నిన్న 11 గంటలకి ఒక కుర్రాడు తట్ట దించేసి ఏదేదో మాట్లాడాడు, తోటి వాడి పేరు కూడా గుర్తు రాలేదు. నీళ్ళు పోసి నీడలో పడుకోబెడితే గంటకి తేరుకున్నాడు. ఈ రోజు పనికి వస్తానంటున్నాడు.

వడగాడ్పుల హెచ్చరిక ఏదీ రాలేదు. అయినా ఇలా ఎందుకవుతోంది? పని వేళలు, నీళ్ళు, బస, ఏవి ఎలా మార్చాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

వార్డుడ్యూటీ:
మేస్త్రి గారూ, మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ కుర్రాడి సంగతి చూడండి. ఈ రోజు అతన్ని పనికి పంపకండి.

ఎండలో పని చేస్తూ మాట తడబడినా, పేర్లు మర్చిపోయినా, తూలినా అది అలసట కాదు, వడదెబ్బే. ఒళ్ళు పొడిగా ఉండి చెమట పట్టకపోతేనే వడదెబ్బ అని మన ఊళ్ళలో ఒక నమ్మకం ఉంది. ఇంట్లో మంచాన ఉన్న ముసలివాళ్ళ విషయంలో అది చాలావరకు నిజమే. కష్టం చేసే మనిషికి మాత్రం ఒళ్ళంతా చెమటలు కారుతుండగానే లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. చెమట ఉందని ధైర్యపడితే ప్రాణం మీదకి వస్తుంది.

ఈ రోజే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి క్రియాటినిన్ (కిడ్నీల సంగతి చెప్పేది), లివర్ పరీక్షలు, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష) చేయించండి. కండరాలు, కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మర్నాడో ఆ మర్నాడో బయటపడుతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తే క్షణం ఆగొద్దు. పరీక్షలు బాగున్నా కనీసం వారం రోజులు ఎండ పని వద్దు. ఆ తర్వాత కూడా డాక్టరు సరేనన్నాకే, కొంచెం కొంచెంగా మొదలుపెట్టాలి.

మళ్ళీ ఎవరికైనా ఇలా అయితే ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అంబులెన్సుకి ఫోన్ చేసి, అది వచ్చేలోపు చేయాల్సిన పని ఇది. సైటులో టార్పాలిన్ ఎలాగూ ఉంటుంది. మనిషిని దాని మధ్య పడుకోబెట్టి, నలుగురైదుగురు అంచులు పైకెత్తి తొట్టిలా పట్టుకోండి. 80 నుంచి 100 లీటర్ల నీళ్ళు, దొరికినంత ఐసు పొయ్యండి. నీళ్ళని అటూ ఇటూ కదుపుతూ ఉండాలి. కదలకపోతే ఒంటికి ఆనుకున్న నీరే వేడెక్కి దుప్పటిలా పట్టేస్తుంది. తల నీటిపైన ఉండాలి, ఒకరు చంకల కింద చేతులు వేసి పట్టుకోవాలి. 10, 15 నిమిషాలు. వణుకు మొదలై, మాట స్పష్టంగా వస్తే బయటికి తీయొచ్చు. ఐసు లేకపోయినా ఆగకండి, ట్యాంకు నీళ్ళు కూడా గాలి కన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. తడిగుడ్డ వేసి విసరడం మన దగ్గర పొడి గాలిలో పనిచేసినంతగా ఇక్కడ పనిచెయ్యదు.

స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ వెయ్యకండి. ఇది జ్వరం కాదు కాబట్టి వేడి దిగదు, పైగా అప్పటికే దెబ్బతిన్న లివర్‌కి భారం. చంకలో పెట్టే థర్మామీటర్ 38 చూపించిందని నిశ్చింతగా ఉండొద్దు, నీళ్ళు పోసిన ఒంటి మీద అది తక్కువే చూపిస్తుంది.

ఇంకో మాట. ఓడలో వాంతులు కాకుండా ఆవోమిన్ వేసుకున్నారా? ఇంకా వేసుకుంటున్నారా? అందులో ఉండే ప్రోమెథజీన్ చెమటని తగ్గిస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళుంటే డాక్టరుతో మాట్లాడించండి, సొంతంగా ఆపకండి. చెమటకాయలు విపరీతంగా లేచినవాళ్ళనీ గమనించండి. చెమట రంధ్రాలు మూసుకుపోయాయని దాని అర్థం, ఆ మేరకు ఒళ్ళు చల్లబడదు.

గాలివాటం:
హెచ్చరిక ఎందుకు రాలేదో చెప్తాను. తీరప్రాంతాల్లో వడగాడ్పులని ప్రకటించాలంటే వాతావరణ శాఖ లెక్క ప్రకారం పగటి ఉష్ణోగ్రత కనీసం 37 ఉండాలి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. చుట్టూ సముద్రం ఉన్న పోర్ట్ బ్లెయిర్‌లో 37 రావడమే అరుదు. అందుకే ఆ పేరుతో హెచ్చరిక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు. ఉక్కపోత గురించి విడిగా ఇచ్చే సూచనలు చూస్తూ ఉండండి, సైటులో మీ కొలత మీరు పెట్టుకోండి.

చూడాల్సింది తడిబల్బు ఉష్ణోగ్రత. చెమట ఆరుతూ ఒంటిని ఎంతవరకు చల్లబరచగలదో చెప్పే అంకె అదే. విజయవాడలో 43 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుంటే తడిబల్బు దాదాపు 26.5. అండమాన్‌లో 33 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే 28 పైమాటే. అంటే చెమట విషయంలో ఇక్కడి 33 అక్కడి 43 కన్నా చెడ్డది. తడిబల్బు 35 దగ్గర మనిషి బతకలేడని చాలాకాలం లెక్క ఉండేది. 2022లో పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద పరీక్షిస్తే, తేలికపాటి పనికే 31 దగ్గర ఒళ్ళు చేతులెత్తేసింది. తట్ట మోసేవాడికి ఆ గీత ఇంకా కిందే ఉంటుంది.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒకే రకం గాజు థర్మామీటర్లు రెండు కొనండి. ఒకదాని బల్బుకి పాత నూలు పంచె గుడ్డ ఒక్క వరసే చుట్టి, శుభ్రమైన నీటితో తడిపి, నీడలో ఫ్యాను ఎదురుగా ఐదు నిమిషాలు ఉంచండి. దిగి దిగి ఎక్కడ ఆగుతుందో అది తడిబల్బు. తప్పులెక్కడ జరుగుతాయంటే, ఎండలో పెట్టడం, గుడ్డ సగం ఆరిపోయాక చూడటం, ఉప్పు నీళ్ళు వాడటం. గుడ్డకి ఉప్పు పేరుకుంటే రీడింగు ఎక్కువ వస్తుంది.

అసలు మీ షెడ్డులో మట్టికుండ ఉంటే అదే సగం చెప్తుంది. గాలి తగిలే నీడలో పెట్టిన కుండలో నీళ్ళు కూడా తడిబల్బు దాకా దిగాలని చూస్తాయి, కొద్దిగా పైనే ఆగుతాయి. మన ఊళ్ళో ఎండాకాలం కుండ నీళ్ళు గొంతు జివ్వుమనేలా ఉంటాయి కదా. ఇక్కడ అదే కుండ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయంటే, ఆ గాలి మీ కూలీల ఒంటిని కూడా చల్లబరచడం లేదని అర్థం.

పని లెక్కకి తడిబల్బుతోపాటు ఎండ వేడి కూడా కలపాలి. సూత్రం: ఫ్యాను లేకుండా ఆరుబయట చూసిన తడిబల్బులో 0.7 వంతు, నల్ల గోళం థర్మామీటర్‌లో (ఎండ వేడిని పట్టే నల్లటి గుండు లోపల పెట్టినది) 0.2 వంతు, మామూలు థర్మామీటర్‌లో 0.1 వంతు. ఈ మొత్తాన్ని డబ్ల్యూబీజీటీ (WBGT) అంటారు. దీన్ని కొలిచే చేతి మీటర్లు దొరుకుతాయి, 14 మంది ప్రాణాల ముందు అదేం పెద్ద ఖర్చు కాదు, ఒకటి కొనిపించండి. పొద్దున 6కి 26, 29, 27 అనుకుంటే 26.7 వస్తుంది. పదిన్నరకి ఎండలో 29, 45, 33 అయితే 32.6. అలవాటు పడిన మనిషికైనా కంకర మోత లాంటి బరువు పని 29 దగ్గర గంటలో సగానికి మించకూడదు, 30.5 దాటితే ఆపెయ్యాలి. మీరు 7 నుంచి 12 దాకా చేయిస్తున్నదాంట్లో సగం ఆపెయ్యాల్సిన వేళే.

ఇక గడియారం సంగతి. ఇది మన వాళ్ళు చాలామంది పట్టించుకోరు. అండమాన్ 92.7 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరుంది, దేశమంతటికీ పెట్టిన గడియారం మాత్రం 82.5 డిగ్రీల లెక్కది. సూర్యుడు ఇక్కడ 40 నిమిషాలు ముందుంటాడు. ఏప్రిల్‌లో 5 గంటలకల్లా తెల్లారిపోతుంది, మిట్టమధ్యాహ్నం 11:20కే. పైగా ఏప్రిల్ 20, 21 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ళ కిందే ఉంటుంది. కాబట్టి "12 నుంచి 3 దాకా విరామం" అనే మన లెక్క ఇక్కడ పనికిరాదు. బరువు పని 4:45 నుంచి 9 దాకా పెట్టండి. 9 నుంచి 10:30 దాకా నీడలో కమ్మీలు కట్టడం లాంటివి. 10:30 నుంచి 3:30 దాకా పూర్తిగా ఆపండి. తర్వాత చీకటి పడేదాకా. శ్లాబ్ పోత రాత్రి లైట్లు పెట్టి చేయండి, కాంక్రీటుకీ అదే మంచిది, పైపొర గబుక్కున ఆరి బీటలివ్వడం తగ్గుతుంది.

కొత్తవాళ్ళకి మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతే ఇవ్వాలి, రోజుకి ఇంకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. ఇలాంటి పని వేడికి అలవాటైన పాత పనివాడైతే సగంతో మొదలుపెట్టి 60, 80, 100 శాతం. ఎండ పనిలో పోయే ప్రాణాల్లో సగానికి పైగా మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నాయి. ఒళ్ళు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అప్పటికి చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, ఒంట్లో రక్తంలోని నీరు పెరుగుతుంది. మీ వాళ్ళు మూడు రోజులు ఓడలో పడుకుని వచ్చి దిగగానే పూర్తి పనికి దిగారు. మూడో రోజుకి పడిపోవడంలో ఆశ్చర్యం లేదు, వాళ్ళ తప్పు అంతకన్నా లేదు.

రేకుపని:
బస గురించి. పగలు ఎంత జాగ్రత్తగా ఉన్నా రాత్రి ఒళ్ళు చల్లబడకపోతే మర్నాటికి బాకీతోనే మొదలవుతారు. 14 మంది పడుకుంటే ఒంటి వేడే ఒక వెయ్యి వాట్ల హీటరు, చెమట తేమ అదనం.

రేకు మీద సున్నం కొట్టమని చాలామంది చెప్తారు. సిమెంటు రేకైతే సరే. జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) మీద వద్దు. సున్నం క్షారం, జింకు పూతని తినేస్తుంది, ఆ మీద సముద్రపు ఉప్పు గాలికి తొందరగా తుప్పు చిల్లులు పడతాయి. పైగా రేకుకి సరిగా పట్టదు, మే వానకి కొట్టుకుపోతుంది. జీఐకి తగిన ప్రైమరు ఒక కోటు, దాని మీద తెల్ల అక్రిలిక్ రూఫ్ పెయింటు రెండు కోట్లు. ముందు రేకుని మంచినీటితో కడిగి ఉప్పు వదిలించాలి, లేకపోతే పొక్కులు లేచి ఊడిపోతుంది.

లోపలివైపు బబుల్ ఫాయిల్ (గాలిబుడగల షీటుకి మెరిసే పొర అంటించినది) కట్టండి. మెరిసే ముఖం కిందికి, రేకుకి ఆనకుండా కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. ఆనితే రేకు వేడి నేరుగా ఫాయిల్‌లోకి దిగుతుంది, కట్టీ లాభం లేదు. చూరు దగ్గరా, పైన కొప్పు దగ్గరా రెండు చోట్లా తెరిచి వదిలితేనే ఆ ఖాళీలోని వేడిగాలి పైకెళ్ళి పోతుంది. ఫాయిల్ దొరక్కపోతే కొబ్బరి మట్టల తడికలు రేకుకి ముప్పావు అడుగు కింద కట్టండి, కానీ వంటపొయ్యి, కరెంటు జాయింట్లు ఆ షెడ్డులో ఉండకూడదు, నిప్పంటుకుంటే క్షణాల పని.

కూలరు కొనకండి. గాలిలో ఉన్న తేమకి ఇంకా తేమ కలుపుతుంది, మూసిన షెడ్డులో ఊపిరాడదు. ఆ డబ్బుతో పైన పక్కగోడల కొసల్లో రెండు ఎగ్జాస్టు ఫ్యాన్లు, నలుగురికో సీలింగు ఫ్యాను పెట్టండి. గోడ రేకులు నేల దగ్గర అడుగున్నర, పైన అడుగున్నర కోసేసి దోమల జాలీ కొట్టండి. నేల మీద ప్లాస్టిక్ పట్టాలు, స్పాంజి పరుపులు తీసేసి నవారు మంచాలు గానీ చెక్క బల్లల మీద చాపలు గానీ వేస్తే వీపు కింద గాలి ఆడుతుంది. పైకప్పు మీద నీళ్ళు చల్లడం కూడా మానండి. తేమ గాలికి ఆవిరయ్యేది తక్కువ, పైగా ఏప్రిల్‌కి ధానీఖరి డ్యామ్ అడుగంటుతూ పట్టణానికే వంతుల మీద నీళ్ళిస్తుంటారు.

రేకు పైన షేడ్‌నెట్ కడితే పగలు బాగానే పనిచేస్తుంది. అయితే మే నెలలో హఠాత్తుగా ఈదురుగాలి లేస్తుంది, నెట్ తెరచాపలా గాలి పట్టి రేకుల్ని జే హుక్కులతో సహా పీకేస్తుంది. ఒక్క లాగుడికి ఊడివచ్చే ముడులు వేసి, తుఫాను సూచన రాగానే దించేయండి.

పగడపుదిబ్బ:
రాత్రి వేడి గురించి ఒక మాట కలుపుతాను. దీవుల్లో రాత్రి ఎంత చల్లబడుతుందో నిర్ణయించేది చుట్టూ ఉన్న సముద్రమే. నీరే 30, 31 ఉంటే తెల్లవారుజామున కూడా 26, 27 కిందికి దిగదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పగడాల కోసం ఒక హెచ్చరిక ఇస్తుంది, అండమాన్, నికోబార్, లక్షద్వీప్ అన్నీ అందులో ఉంటాయి. నీరు మామూలు కన్నా వేడెక్కి అలాగే నిలిచిపోతే పగడాలు తెల్లబడతాయి. 1998, 2010, 2016లలో అండమాన్‌లో పెద్దఎత్తున అలాగే జరిగింది, ఆ మూడూ ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) బలంగా వచ్చి తగ్గుముఖం పట్టిన ఏడాదులే. ఆ హెచ్చరిక మీ షెడ్డుకి కూడా వర్తిస్తుందని అనుకోండి. అది ఉన్నన్ని రోజులూ రాత్రి నిద్ర సరిగా పట్టదు, మర్నాడు పని తగ్గించాల్సిందే.

రుతుపవనాల తేదీని కూడా గుడ్డిగా నమ్మకండి. మామూలుగా ఇక్కడికి మే మూడో వారం దాటాక వస్తాయి, 2025లో దక్షిణ అండమాన్ సముద్రానికి మే 13నే వచ్చాయి. రావడానికి ముందు గాలి స్తంభించిపోయే రోజులు కొన్ని ఉంటాయి. ఆకు కదలదు, సముద్రం నూనె పోసినట్టు ఉంటుంది, మబ్బు పట్టి ఎండ కనపడదు. ఎండ లేదు కదా అని పూర్తి పని పెడతారు. అసలు ప్రమాదం ఆ రోజుల్లోనే. మీటరు చూడకుండా ఆకాశం చూసి నిర్ణయించకండి.

సిక్కోలు మేస్త్రి:
అందరికీ చాలా రుణపడి ఉంటాను. కుర్రాణ్ణి ఆసుపత్రికి పంపాను, పరీక్షలకి రక్తం తీశారు. రేపటి నుంచి 4:45కే పని. కుండలో థర్మామీటర్ పెట్టి చూస్తే 10 గంటలకి 29 ఉంది. ఆవోమిన్ ఇద్దరి దగ్గర దొరికింది, ఓడలో మిగిలినవి తల తిరుగుతోందని ఇక్కడా వేసుకుంటున్నారట.

తాగడం ఎలా పెట్టాలో చెప్పండి. ఇక్కడ కొబ్బరిబొండాలు చవక, అవే ఇస్తే చాలదా?

వార్డుడ్యూటీ:
ఆ మాత్రలు మీరే తీసేసుకోండి. తల తిరగడం వేడి వల్ల కావచ్చు, మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది.

బొండాలు మంచివే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. బొండాలొక్కటే ఇస్తే పిక్కలు పట్టడం ఆగదు. ఒక బొండానికి రెండు చిటికెల ఉప్పు వేసి ఇవ్వండి, రోజుకి ఒకటి రెండు చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి వద్దు.

ప్రతి 20 నిమిషాలకి ఒక గ్లాసు, 250 మిల్లీలీటర్లు, దాహం వేసినా వెయ్యకపోయినా. గంటకి 750 అవుతుంది. 14 మందికి ఏడు గంటల పనికి 75 లీటర్ల దాకా, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. గంటకి 1.4 లీటర్లు మాత్రం దాటనివ్వకండి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే కడుపు నిండా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ వస్తాయి. మీ ముగ్గురి వాంతుల్లో ఇది కూడా ఉండొచ్చు, డాక్టరుకి ఎంత నీరు తాగారో చెప్పండి.

నాలుగు క్యాన్లలో ఒకటి ఓఆర్‌ఎస్ పెట్టండి. 20.5 గ్రాముల ప్యాకెట్టు సరిగ్గా లీటరు నీటికి. గ్లాసుడు నీళ్ళలో ప్యాకెట్టంతా కలపడం, రుచి కోసం ఇంకా పంచదార వెయ్యడం రెండూ తప్పే. ప్యాకెట్లు అయిపోతే లీటరుకి ఆరు టీ చెంచాలు పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా కొలిచి. కలిపినది 24 గంటల్లో వాడెయ్యాలి. మీ వాళ్ళకి అలవాటున్న గంజి, మజ్జిగ, తరవాణి, ఉల్లిపాయతో చద్దన్నం పొద్దున 4:15కి పెట్టించండి, టీ ఒక్కటే తాగి పనికి దిగనివ్వకండి. ముందురోజు రాత్రి సారా తాగినవాణ్ణి మర్నాడు నీడ పనికే పెట్టండి.

మరుగుదొడ్డి తలుపు లోపల ఒక కాగితం అంటించండి: మూత్రం నిమ్మరసం రంగులో ఉంటే సరే, ఆవనూనె రంగులో ఉంటే మేస్త్రికి చెప్పాలి. ఒక్కొక్కరికీ ఒక జోడీ పెట్టండి, ఒకరి మాట తడబడితే రెండోవాడు కేకేసి పని ఆపించాలి, ఆపినందుకు కూలి కొయ్యనని ముందే అందరి ఎదుట చెప్పండి. రక్తపరీక్ష రిపోర్టు రాగానే సీపీకే, క్రియాటినిన్ అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.